లిఫ్టు బాగయ్యేలోపే కాగితం పెట్టండి

లిఫ్టులోనో ఎస్కలేటర్ మీదో దెబ్బ తగిలినవాళ్లు నా ఆఫీసు మెట్లెక్కేసరికి ఎంత లేదన్నా రెండు మూడు నెలలు గడిచిపోతాయి. కట్టు విప్పాక, అప్పుల లెక్క తేలాక, చుట్టాల్లో ఎవరో "కేసు వేయొచ్చు కదా" అన్నాక వస్తారు. ఆలోగా అవతల జరగాల్సినవన్నీ జరిగిపోతాయి. మెకానిక్ వచ్చి లిఫ్టు బాగుచేసి వెళ్తాడు. సీసీటీవీలో పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ ఇంకెక్కడో పనికి కుదురుతాడు. చేతిలో మిగిలేది డిశ్చార్జి కాగితంలో "పడిపోవడం వల్ల గాయం" అన్న ఒక్క ముక్క. పడ్డారని ఉంటుంది, ఎందుకు పడ్డారో ఉండదు. కేసంతా ఆ "ఎందుకు" మీదే నడుస్తుంది.

నేను చంద్రపూర్‌లో ప్రాక్టీసు చేస్తాను. పుట్టింది బల్లార్‌పూర్‌లో. నాన్న పేపర్ మిల్లు ఉద్యోగి, తాతగారిది కరీంనగర్ వైపు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. రాజురా, అహేరి, సిరోంచ వైపు మనవాళ్లు చాలామంది చట్టం కోసం కంటే ముందు భాష కోసం నన్ను వెతుక్కుంటూ వస్తారు. వాళ్లందరికీ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక కేసు పట్టుకొని చెప్తే తేలిక. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. సిరోంచ వైపు నుంచి ఒకావిడ, వయసు 52, కోడలి కాన్పుకని పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వచ్చింది. కింద క్యాంటీన్‌లో వేడినీళ్లు పట్టుకొని, స్టీలు ఫ్లాస్కు చేతిలో పెట్టుకొని మూడో అంతస్తుకి లిఫ్టెక్కింది. తలుపు తెరుచుకుంది గాని, లిఫ్టు నేలకి సమంగా ఆగలేదు, జానెడు పైనే ఆగింది. ఆవిడ రోజూ వేసినట్టే అడుగు వేసింది. తుంటి ఎముక విరిగింది.

ఆ కుటుంబం తెలియకుండానే ఒక మంచి పని చేసింది. వెనకాలే వచ్చిన కొడుకు, ఊళ్లో వాళ్ల నాన్నకి చూపిద్దామని, లిఫ్టు గడపకీ వరండా నేలకీ మధ్య తేడా కనిపించేలా ఫోటో తీశాడు. కింద పడిన ఫ్లాస్కు ఆ గడప పక్కనే నిలబెట్టి ఉంది. తర్వాత అదే మాకు కొలబద్ద అయింది. ఫ్లాస్కు ఎత్తు ఎంతో కొలిస్తే లిఫ్టు ఎంత పైన ఆగిందో తేలిపోయింది. "మా లిఫ్టు ఎప్పుడూ సరిగ్గానే ఆగుతుంది" అని ఆస్పత్రి తరఫున వేసిన జవాబుకి ఆ ఫోటో ముందు విలువ లేకుండా పోయింది.

మొదటి రోజు

ముందు మనిషి ప్రాణం, తర్వాతే మిగతాది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంటే తలుపు లాగి బయటికి దూకే ప్రయత్నం చేయకండి, ఎవర్నీ చేయనివ్వకండి. అలారం నొక్కి, ఫోన్ చేసి, మెకానిక్ వచ్చేదాకా లోపలే ఉండాలి. ఇరుక్కున్న లిఫ్టులో సాధారణంగా గాలికి లోటుండదు. సగం బయటికి వచ్చినప్పుడు లిఫ్టు కదిలితేనో, కింద గుంటలోకి జారితేనో ప్రాణం పోతుంది. కేసు కోణంలో చూసినా, అలా దూకితే "తప్పు మీది కూడా" అని పరిహారంలో కోత పెడతారు. ఎస్కలేటర్‌కైతే పైనా కిందా ఎర్ర బటన్ ఉంటుంది. ఎవరి కాలో చీర కొంగో ఇరుక్కుంటే ముందు ఆ బటన్ నొక్కాలి, తర్వాతే లాగాలి.

ఆస్పత్రిలో డాక్టరు "ఏమైంది?" అని అడిగినప్పుడు చెప్పే మొదటి మాటే కేసు షీటులోకి ఎక్కుతుంది. కంగారులో మనవాళ్లు "జారిపడింది సార్" అనేస్తారు. అలా అనకండి. "ఫలానా చోట లిఫ్టు నేలకి సమంగా ఆగలేదు, దిగుతుంటే పడింది" అని చెప్పి, అలాగే రాశారో లేదో చూసుకోండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి కూడా తెలియజేసే కేసుగా) నమోదు చేయమని, అంటే ఎంఎల్‌సీ చేయమని అడగండి. ప్రమాదం జరిగిందీ వైద్యం చేస్తున్నదీ ఒకే ఆస్పత్రి అయితే ఇది మరీ ముఖ్యం. అక్కడ ఎంఎల్‌సీకి వెనకాడతారు. అప్పుడు వేరే ఆస్పత్రిలో చూపించి అక్కడైనా రాయించండి.

ఫోటోలు, వీడియోలు ఎన్ని తీస్తే అంత మంచిది. ఏం తీయాలి? గడపకీ నేలకీ ఉన్న తేడా, పక్కన చెప్పో సీసానో ఏదో ఒకటి కొలతకి. లిఫ్టు లోపల కంపెనీ పేరున్న పలక, ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డు, లైసెన్సు వివరాలు అంటించి ఉంటే అవి. లైటు లేకపోతే ఆ చీకటి. ఎస్కలేటర్‌కైతే మెట్లు లోపలికి వెళ్లే చోట దువ్వెన పళ్లలాంటి పలక ఉంటుంది, దాని పళ్లు ఏవైనా విరిగాయేమో దగ్గరగా తీయాలి. మెట్టుకీ పక్క గోడకీ మధ్య బ్రష్ కుచ్చు ఉండాలి, లేకపోతే అది లేదని తెలిసేలా తీయాలి. ఆ ఫోటోలున్న ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారన్న వివరమూ పోతుంది. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉండాలి. కోర్టులో దాన్ని పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షను కింద ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

చిరిగిన చీర, నలిగిన చెప్పు పారేయొద్దు. ఉతకనూ వద్దు. కవర్లో పెట్టి దాచండి. చూసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు తీసుకోండి.

ఒక్క ఉత్తరం

ఇదే నేను అందరికీ పదే పదే చెప్పే పని. చాలామంది చేయనిదీ ఇదే. ప్రమాదం జరిగిన రోజో, మర్నాడో ఆ బిల్డింగు యజమానికి ఒక ఉత్తరం ఇవ్వాలి. వకీలు నోటీసు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మరాఠీలోనో ఇంగ్లీషులోనో రాయించుకోండి. సారం ఇలా ఉండాలి:

"ఫలానా తేదీ, ఫలానా సమయానికి మీ భవనంలో ఎడమవైపు లిఫ్టు మూడో అంతస్తులో నేలకి సమంగా ఆగకపోవడం వల్ల మా అమ్మ పడి తుంటి ఎముక విరిగింది. ఆ రోజు ఉదయం నుంచి రాత్రి వరకు లిఫ్టు దగ్గరి, వరండాలోని సీసీటీవీ రికార్డు చెరిగిపోకుండా భద్రపరచండి. లిఫ్టు లాగ్‌బుక్, గత ఏడాది సర్వీసు రిపోర్టులు, మెయింటెనెన్స్ ఒప్పందం, లైసెన్సు, ఇన్సూరెన్స్ పాలసీ నకళ్లు మాకు ఇవ్వండి. లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ పరీక్షించేదాకా మరమ్మతు చేయకండి. అత్యవసరంగా చేయక తప్పకపోతే, మార్చిన విడిభాగాలను దాచి ఉంచండి."

రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. రిసెప్షన్‌లో తీసుకోం అంటే వాదించకుండా బయటికొచ్చి స్పీడ్ పోస్టు చేయండి. ఈమెయిల్ కూడా పంపండి. ఈ ఉత్తరానికి వాళ్లు జవాబివ్వకపోయినా మనకి మంచిదే. తర్వాత "రికార్డు చెరిగిపోయింది" అంటే, అడిగాక కూడా ఎందుకు చెరిగిందని కోర్టు వాళ్లనే నిలదీస్తుంది.

చివరి వాక్యం, విడిభాగాలు దాచమన్నది, చాలామందికి అతిగా అనిపిస్తుంది. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యం. అరిగిపోయిన బ్రేకు లైనింగో, కాలిపోయిన కాంటాక్టో మెకానిక్ సంచిలో పడి వెళ్లిపోయిందంటే ఇక దాన్ని ఎవరూ చూపించలేరు.

లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్

మహారాష్ట్రలో లిఫ్టులకి ప్రత్యేక చట్టం ఉంది. మొదట బొంబాయి లిఫ్టుల చట్టం 1939 ఉండేది. దాని స్థానంలో 2017లో కొత్త చట్టం చేశారు, ఎస్కలేటర్లూ, నిలబడితే ముందుకి తీసుకెళ్లే కదిలే నడకదారులూ కూడా అందులోకి వచ్చాయి. లిఫ్టు పెట్టడానికి అనుమతి, నడపడానికి లైసెన్సు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, అన్నీ ఉన్నాయి. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే యజమాని ఆ అధికారికి తెలపాలి, అనుమతి వచ్చేదాకా మళ్లీ నడపకూడదు. వాళ్లు తెలపకపోతే మనమే తెలపాలి. పై ఉత్తరం నకలు జత చేసి, "తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వండి" అని ఒక అర్జీ పెట్టండి.

తర్వాత కొన్ని రోజులాగి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. ఆ లిఫ్టుకి లైసెన్సు ఉందా, ఆఖరి తనిఖీ ఎప్పుడు, అప్పుడు ఏ లోపాలు రాశారు, ప్రమాదం గురించి యజమాని తెలిపాడా? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. లైసెన్సు లేదనో, తనిఖీ జరగలేదనో జవాబొస్తే సగం పని అయినట్టే.

ఎవరి మీద వేయాలి

"ఎవరి మీద వేయాలి వకీలమ్మా?" అని అడిగితే నేను చెప్పేది: మొదట అందరి మీదా వేయండి, ఎవరిది ఎంత బాధ్యతో వాళ్లే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. యజమానిని ఒక్కణ్నే పార్టీగా చేర్చారనుకోండి, "మేము మెయింటెనెన్స్ కంపెనీకి డబ్బు కట్టాం, వాళ్లది తప్పు" అంటాడు. కంపెనీని ఒక్కదాన్నే చేర్చితే "బ్రేకు మార్చాలని రాసిచ్చాం, ఓనరు ఖర్చు ఒప్పుకోలేదు" అంటుంది. ఇద్దరూ ఒకే కేసులో ఉంటే ఈ రెండు మాటలూ మనకి సాక్ష్యాలవుతాయి.

అసలు లిఫ్టు ఎలా చెడుతుందో కాస్త తెలిస్తే ఎవరిని గట్టిగా పట్టుకోవాలో అర్థమవుతుంది. నేలకి సమంగా ఆగకపోవడం చాలావరకు మెయింటెనెన్స్ లోపమే. బ్రేకు అరగడం, తాళ్లు సాగడం, అంతస్తు గుర్తించే సెన్సార్ పక్కకి జరగడం లాంటివి. ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు, అంతకు ముందు వారం కూడా ఎవరో తట్టుకొని ఉంటారు. అందుకే లాగ్‌బుక్ అడిగేది. పాత ఫిర్యాదు ఒక్కటి దొరికినా "మాకు తెలియదు" అన్న మాట చెల్లదు. మా కేసులో సర్వీసు రిపోర్టు చీటీ ఒకదాని మీద మెకానిక్ చేతిరాతతో "లెవెలింగ్ ప్రాబ్లం" అని ఉంది. కింద ఆస్పత్రి సూపర్‌వైజర్ సంతకం కూడా ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది, లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకోవడం. ప్రతి అంతస్తు తలుపుకీ ఒక తాళం, దానికొక కరెంటు కాంటాక్టు ఉంటాయి. లిఫ్టు అక్కడ లేకపోతే తలుపు తెరుచుకోకూడదు, తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. ఆ కాంటాక్టు మొరాయించి లిఫ్టు మాటిమాటికీ ఆగుతుంటే, కొందరు మెకానిక్‌లు వైరు కలిపి దాన్ని "షార్ట్" చేసి పోతారు. లిఫ్టు నడుస్తుంది, జనం సంతోషిస్తారు, కాపలా మాత్రం పోయినట్టే. చీకట్లో ఎవరో తలుపు లాగి అడుగేస్తే కింద గుంట. ఇలాంటి చోట మెయింటెనెన్స్ వాళ్లూ యజమానీ ఇద్దరూ తప్పించుకోలేరు. లోపల ఏ వైరు ఏమైందో బాధితుడు నిరూపించాలని కూడా చట్టం పట్టుబట్టదు. మామూలుగా జరగకూడనిది జరిగినప్పుడు, దాన్ని చేతిలో పెట్టుకున్నవాడే సంజాయిషీ చెప్పాలి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో ఇదే సూత్రం మీద మున్సిపల్ కార్పొరేషన్‌ని బాధ్యురాలిని చేసింది. లిఫ్టు కేసుల్లో నేను ఆ తీర్పు పెట్టకుండా వదలను.

తయారీలోనే లోపముంటే తయారీదారుని చేర్చాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో దీనికి ఒక అధ్యాయమే ఉంది, తయారుచేసినవాడు, అమ్మినవాడు, సర్వీసు ఇచ్చినవాడు అందరూ అందులోకి వస్తారు. కొత్త అపార్ట్‌మెంటు అయితే బిల్డరు. స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్ల లోపు బయటపడే పనితనం లోపాల్ని తెలిపిన 30 రోజుల్లో ఖర్చు తీసుకోకుండా సరిచేయాలని రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 14వ సెక్షను చెప్తుంది. పాత అపార్ట్‌మెంటు అయితే సొసైటీ. "కమిటీలో ఉన్నది మనవాళ్లే కదా" అని మొహమాటపడతారు. సొసైటీ మీద కేసు అంటే సెక్రటరీ సొంత జేబు మీద కేసు కాదని చెప్పండి. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే సొసైటీ నిధి కడుతుంది.

"లిఫ్టు వాడకం మీ సొంత బాధ్యత" అన్న బోర్డు చూసి బెదిరిపోకండి. నిర్వహణ వదిలేసినవాణ్ని ఒక రేకు ముక్క కాపాడదు. ఎనిమిది మంది లిఫ్టులో పన్నెండు మంది ఎక్కితే మాత్రం మన తప్పూ లెక్కలోకొస్తుంది. ఎస్కలేటర్ కేసుల్లో అవతలి వకీలు మొదట అనే మాట, చీర కుచ్చిళ్లు చూసుకోలేదు, మెత్తటి రబ్బరు చెప్పులేసుకుంది అని. విరిగిన పళ్ల ఫోటో, లేని బ్రష్ ఫోటో అప్పుడు పనికొస్తాయి.

ఏ తలుపు తట్టాలి

మా వైపు చాలా కేసులకి జిల్లా వినియోగదారుల కమిషనే సరైన చోటు. డబ్బిచ్చి సేవ తీసుకున్నచోట, అంటే ఆస్పత్రి, హోటల్, ఏదైనా కొన్న మాల్, అక్కడ లిఫ్టు కూడా ఆ సేవలో భాగమే. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మీరు అడిగే పరిహారం ఎంతైనా, కమిషన్ పరిధీ ఫీజూ మీరు చెల్లించిన సొమ్మును బట్టే ఉంటాయి. చెల్లించింది 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. కాన్పు బిల్లు 60 వేలైతే, పది లక్షల పరిహారం అడిగినా ఫీజు సున్నా. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు, 1915కి ఫోన్ చేసి ముందు సలహా అడగవచ్చు. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, ఎక్కువలో ఎక్కువ ఇంకో 15 రోజులు. అది దాటితే వాళ్ల జవాబు తీసుకోరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది. ఆ తేదీ మీ డైరీలో రాసుకోండి.

ఇందులో ఒక చిక్కుంది. మా కేసులో బిల్లు కోడలి పేరు మీద ఉంది, పడింది అత్త. "ఈవిడ మా కస్టమరే కాదు" అని వాదన వస్తుందని ముందే తెలుసు. అందుకే కోడలిని కూడా ఫిర్యాదుదారుగా చేర్చి, రోగికి తోడుగా ఉండేవారికి ఆస్పత్రే ఇచ్చిన పాసు నకలు పెట్టాం. డబ్బు ఎవరిచ్చినా, వాళ్ల సమ్మతితో ఆ సేవ వాడుకునే మనిషి కూడా వినియోగదారే అని చట్టంలో ఉంది. ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాస్పత్రి, ఏమీ కొనకుండా తిరిగిన మాల్, చుట్టపుచూపుగా వెళ్లిన అపార్ట్‌మెంటు, ఇలాంటి చోట్ల సివిల్ కోర్టులో నష్టపరిహారం దావాయే మార్గం. అక్కడ ఫీజూ కాలమూ రెండూ ఎక్కువే. మనిషి చనిపోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద కుటుంబం దావా వేయొచ్చు, గడువు చనిపోయిన రోజు నుంచి రెండేళ్లు. ఏ దారైనా రెండేళ్లు దాటనివ్వకండి.

పోలీసు కేసు వేరు. దాంతో మీకు నేరుగా డబ్బు రాదు. కానీ పోలీసులు పంచనామా చేస్తారు, సాక్షుల మాటలు రాసుకుంటారు, లాగ్‌బుక్ స్వాధీనం చేసుకోగలరు. అవన్నీ తర్వాత మనకి పనికొస్తాయి. భారతీయ న్యాయ సంహితలో యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి 289, నిర్లక్ష్యంతో గాయపరిచినందుకు 125, ప్రాణం పోతే 106 సెక్షన్లు. స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టనంటే ఫిర్యాదు రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి, అదీ కదలకపోతే మేజిస్ట్రేటు. ఎఫ్ఐఆర్ మరాఠీలో రాస్తారు. అర్థమయ్యేలా చదివి వినిపించాకే సంతకం పెట్టండి. నకలు ఉచితంగా ఇవ్వాలి.

రైల్వే స్టేషన్ ఎస్కలేటర్ సంగతి చాలామంది పొరబడే చోటు. నాగపూర్‌లోనో సికింద్రాబాద్‌లోనో ఎస్కలేటర్ మీద పడితే "రైల్వే ట్రిబ్యునల్‌లో వేస్తాం" అంటారు. ఆ ట్రిబ్యునల్ రైలు ప్రమాదాలకి, రైల్లోంచి పడిపోవడం, స్టేషన్లో దాడి, దోపిడీ లాంటి వాటికి. ఎస్కలేటర్ ఆ జాబితాలో లేదు. టికెట్టు ఉంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, సివిల్ దావా అయితే ముందు రైల్వే జనరల్ మేనేజరుకి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మన బల్లార్షా స్టేషన్‌లో 2022 నవంబర్‌లో పాదచారుల వంతెన స్లాబు ఊడి ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. అలాంటప్పుడు రైల్వే వెంటనే ప్రకటించే ఎక్స్‌గ్రేషియా, అంటే దయతో ఇచ్చే సాయం, అసలు పరిహారం కిందికి రాదు. అది తీసుకున్నంత మాత్రాన దావా హక్కు పోదు. టికెట్టు మాత్రం పారేయకండి.

లిఫ్టు బాగుచేసే మెకానిక్, లిఫ్ట్‌మన్, ఆస్పత్రి ఆయా, వీళ్లకి పనిలో దెబ్బ తగిలితే కార్మిక చట్టాల కింద పరిహారం వస్తుంది. అక్కడ యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు. కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమానిని అడగవచ్చు. ఈఎస్ఐ ఉంటే అది వేరే దారి.

ఎంత అడగాలి

నోటికొచ్చిన అంకె వేయకండి. రోడ్డు ప్రమాదాల కేసుల్లో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ తీర్పులో వయసును బట్టి ఒక గుణకం పట్టిక ఇచ్చింది. లిఫ్టు కేసులకి అది కచ్చితంగా వర్తించాలని లేదు గాని, ఒక ఆధారమంటూ ఉంటుంది. మా కేసులో ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టి నెలకి 9,000 సంపాదించేది. ఏడాదికి 1,08,000. 51 నుంచి 55 ఏళ్ల వాళ్లకి గుణకం 11. అంటే 11,88,000. ఇందులో పని సామర్థ్యం ఎంత పోయిందో అంత భాగం. 30 శాతం అనుకుంటే 3,56,400. దీనికి ఆస్పత్రి ఖర్చు, తోడున్న మనిషి కూలి, ప్రయాణాలు, ముందు ముందు చేయించాల్సిన ఆపరేషన్, నొప్పికీ బాధకీ ఇచ్చే మొత్తం కలుస్తాయి.

ఇక్కడ సివిల్ సర్జన్ ఇచ్చే శాతాన్నే పట్టుకు కూర్చోకూడదు. కాలు వైకల్యం 20 శాతమని సర్టిఫికెట్ ఉన్నా, కాలితో మిషన్ తొక్కే మనిషికి నష్టం అంతకంటే ఎక్కువ. శరీరంలో ఎంత పోయిందన్నది కాదు, సంపాదనలో ఎంత పోయిందన్నదే చూడాలని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆవిడ కుట్టిన బట్టల లెక్క రాసుకున్న పాత నోటుబుక్కు, బట్టలిచ్చే ఇద్దరు ఇరుగుపొరుగు అమ్మల అఫిడవిట్లు పెట్టాం. జీతం చీటీ లేని మనిషికి ఆదాయం నిరూపించడం ఇలాగే.

హద్దు మీద ఉండేవాళ్లకి

సిరోంచ నుంచి గడ్చిరోలి కమిషన్‌కి రావాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. నది దాటితే మంచిర్యాల, వరంగల్ దగ్గరనిపిస్తాయి. అందుకే ప్రమాదం ఒక రాష్ట్రంలో, వైద్యం ఇంకో రాష్ట్రంలో జరుగుతుంటాయి. కొత్త వినియోగదారుల చట్టంలో మంచి వెసులుబాటు ఏమిటంటే, మీరు ఉండే చోటో పని చేసే చోటో కేసు వేయొచ్చు. హైదరాబాద్ మాల్‌లో ఎస్కలేటర్ మీద పడినా, సిరోంచ మనిషి గడ్చిరోలిలోనే వేసుకోవచ్చు. విచారణ వీడియోలో పెట్టమని కూడా అడగవచ్చు. పోలీసు ఫిర్యాదు కూడా ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్‌గా తీసుకొని అక్కడికి బదిలీ చేయాలి. లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ అర్జీకి మాత్రం ఈ సౌకర్యం లేదు. మహారాష్ట్ర లిఫ్టు చట్టం మహారాష్ట్రలోని లిఫ్టులకే.

తెలుగు కాగితాలు అలాగే పెడితే ఇక్కడ చదివేవాళ్లుండరు. మంచిర్యాల మందుల చీటీ ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇబ్బంది లేదు. సర్పంచి రాసిచ్చిన ఆదాయ పత్రం, సాక్షి వాంగ్మూలం తెలుగులో ఉంటే మరాఠీలోకో ఇంగ్లీషులోకో అనువదించి, అనువాదం సరైనదేనని అఫిడవిట్ జత చేయండి. ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయసేవా సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకీ అంతే. ఫోన్ నంబరు 15100.

రాజీ మాటలు

ఉత్తరం అందిన వారంలోనే ఎవరో మధ్యవర్తి వస్తాడు. ఆవిడ కొడుకు నాతో అన్నాడు, "వకీలమ్మా, వాళ్లు మంచోళ్లే, దవాఖాన ఖర్చంత పెట్టుకుంటమంటున్నరు." మంచోళ్లే కావచ్చు, రాజీ పడటంలో తప్పు లేదు, నేనూ చాలా కేసులు అలా ముగించాను. కానీ వాళ్లు తెచ్చిన కాగితంలో "ఇకపై ఎలాంటి హక్కూ కోరము" అన్న వాక్యం ఉంటే, రెండో ఆపరేషన్ అవసరం లేదని డాక్టరు రాసిచ్చేదాకా సంతకం పెట్టొద్దు. తుంటికి పెట్టిన ప్లేటు తర్వాత ఇబ్బంది పెట్టి మళ్లీ ఆపరేషన్ దాకా రావచ్చు. మధ్యలో ఖర్చులకి డబ్బు ఇస్తామంటే తీసుకోండి, రసీదులో "మధ్యంతర సహాయంగా, మా హక్కులకు భంగం లేకుండా" అని రాయించండి. నగదు వద్దు, బ్యాంకు ఖాతాలోకి వేయమనండి. కేసు వేశాక రాజీ అయితే కమిషన్ ముందే రికార్డు చేయించండి, లేకపోతే డబ్బు కోసం మళ్లీ వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి.

గెలిచాక కూడా అవతలివాళ్లు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకి వెళ్లవచ్చు. వెళ్లాలంటే తీర్పు మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ లేక, డబ్బూ కట్టకపోతే అదే జిల్లా కమిషన్‌లో వినియోగదారుల చట్టం 72వ సెక్షను కింద దరఖాస్తు పెట్టండి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 జరిమానా వేయొచ్చు. ఆ దరఖాస్తు నోటీసు అందాక చెక్కులు త్వరగానే వస్తాయి.